బిగించేటప్పుడే చూడాల్సిన బిగువు

(గాజువాకలో స్ట్రక్చరల్ ఫాబ్రికేషన్, ఎరెక్షన్ పనులు చేసే ఫిట్టర్లు, సూపర్‌వైజర్లు, క్వాలిటీ ఇంజనీర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

షెడ్డు లేచింది, బోల్టులన్నీ పడ్డాయి, రేపు పొద్దున ఇన్‌స్పెక్షన్. ఇవాళ సాయంత్రం ఒక మనిషి టార్క్ రెంచి, అంటే పెట్టిన తిప్పుడు బలం రాగానే టక్కుమనే పానా, పట్టుకుని పైకెక్కుతాడు. ఒక్కో నట్టుకీ రెంచి తగిలిస్తాడు, అది టక్కుమంటుంది, కాగితం మీద ఒక టిక్కు పెట్టుకుంటాడు. మన దగ్గర చాలాచోట్ల బోల్టు బిగువు తనిఖీ అంటే ఇంతే. దీంతో పూర్తిగా వదిలేసిన బోల్టు దొరుకుతుంది, కాదనను. కానీ లోపల లాగుడు (సాగిన బోల్టు ప్లేట్లని నొక్కిపట్టే బలం) సగమే ఉన్న బోల్టు, హద్దు దాటి సాగిపోయిన బోల్టు, ఆ రెండూ అదే టక్కు చప్పుడుతో పాసైపోతాయి. అవి ఎలా తప్పించుకుంటాయో, వాటిని ఎక్కడ పట్టుకోవాలో చెప్తాను.

మొదట ఒక సంగతి తేల్చుకుందాం. అన్ని జాయింట్లకీ ఒకే బిగువు అక్కర్లేదు. సెకండరీ బీముని క్లీట్ యాంగిల్‌తో మెయిన్ బీముకి కలిపిన మామూలు బేరింగ్ జాయింటు తీసుకోండి. అక్కడ బోల్టు ఒంటికి ప్లేటు బెజ్జం గోడ ఆనుతుంది, బోల్టు కోతని తట్టుకుంటుంది. దానికి స్నగ్ టైట్ చాలు. అంటే ప్లేట్లు ఒకదానికొకటి గట్టిగా ఆనాలి. మామూలు పొడవు పానాతో ఒక మనిషి తన పూర్తి బలంతో లాగినంత, లేదా ఇంపాక్ట్ రెంచి గిరగిరా తిరగడం ఆపి దడదడ కొట్టడం మొదలుపెట్టేంత. ఇలాంటి జాయింటుకి టార్క్ అంకె అడగడమే తప్పు. నిబంధనలో లేని అంకె కోసం ఒక రోజు పని పోగొట్టుకుంటారు.

క్రేన్ గ్యాంట్రీ, కన్వేయర్ గ్యాలరీ, వైబ్రేటింగ్ స్క్రీన్ కింది స్ట్రక్చర్, గాలికి ఒకసారి ఇటు ఒకసారి అటు లాగే బ్రేసింగ్, పోర్టల్ ఫ్రేములో మూమెంట్ (వంచే బలం) మోసే ఎండ్ ప్లేటు, రెండు ముక్కల్ని కలిపే, జారకూడని స్ప్లైసు: ఇవన్నీ వేరు. ఇక్కడ బోల్టుని లోపల సాగదీసి, ఆ సాగిన బలంతో ప్లేట్లని నొక్కిపట్టాలి. పోర్టు, స్టీల్ ప్లాంటు, రిఫైనరీ ఉన్న ఊరిది. ఇలాంటి జాయింట్లు మనకి అడుగడుగునా ఉన్నాయి. పైగా ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖకి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఇక్కడున్న వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

డ్రాయింగులో ఏ జాయింటు ఏ రకమో రాసి ఉండాలి. రాయకపోతే డిజైనర్ని అడగండి. ఊహించి బిగించకండి.

సరే, ఎంత సాగదీయాలి? ఉక్కు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800:2007 ప్రకారం బోల్టు చివరి బలంలో 0.7 వంతు ఒత్తిడిని మరల దగ్గరి వైశాల్యంతో గుణించాలి. ఎం20, అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం బోల్టుకి ఆ వైశాల్యం 245 చదరపు మిల్లీమీటర్లు. 8.8 గ్రేడుకి చివరి బలం 800 మెగాపాస్కల్ అనుకుంటే 137 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 14 టన్నులు. ఒక్క బోల్టులో! ఎం24కి 198 కిలోన్యూటన్లు. 10.9 గ్రేడైతే ఇవి కనీసం పాతిక శాతం పెరుగుతాయి.

ఇప్పుడు అసలు చిక్కు. మనకి కావలసింది లాగుడు, రెంచి కొలిచేది తిప్పుడు. ఈ రెంటికీ మధ్య రాపిడి ఉంది. మీరు పెట్టే తిప్పుడు బలంలో ఇంచుమించు సగం నట్టు అడుగు ముఖం వాషరు మీద రాసుకోవడానికే పోతుంది. ఇంకో నలభై శాతం మరల మధ్య రాపిడికి. బోల్టుని నిజంగా సాగదీసేది మిగిలిన పది శాతం. అంటే రాపిడి కొద్దిగా మారినా ఆ పది శాతం తలకిందులవుతుంది.

అంకెలు పెట్టి చూద్దాం. టార్క్ అంటే కె అనే గుణకం, బోల్టు వ్యాసం, లాగుడు, ఈ మూడింటి లబ్ధం. కె విలువ 0.2 అనుకుంటే ఎం20, 8.8 బోల్టులో 137 కిలోన్యూటన్లకి 548 న్యూటన్ మీటర్లు కావాలి. రెంచి ఆ అంకెకి పెట్టారు. నట్టుకి మంచి మైనపు పూత ఉండి కె 0.14కి దిగిందనుకోండి. అదే 548కి బోల్టులో లాగుడు 196 కిలోన్యూటన్లు. అది ఆ బోల్టు తెగే లోడు. ఇంకోవైపు, గాల్వనైజ్ చేసిన బోల్టు పూత ఎండిపోయి, మరల్లో దుమ్ము చేరి, కె 0.3కి ఎక్కిందనుకోండి. అదే 548కి వచ్చేది 91 కిలోన్యూటన్లు. కావలసిన దాంట్లో మూడింట రెండొంతులు. రెంచి మాత్రం మూడు చోట్లా ఒకేలా టక్కుమంటుంది.

అందుకే ఏదో చార్టు చూసి టార్క్ పెట్టుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఆ చార్టు రాసినవాడు మీ బోల్టుల డబ్బా చూడలేదు.

డబ్బా అన్నాను కాబట్టి దాని గురించే కాస్త ఎక్కువ చెప్పాలి. సముద్రపు గాలిలో ఉప్పుంటుంది. సైటు మూల గోనెసంచిలో పడేసిన నల్ల బోల్టు, అంటే జింకు పూత లేనిది, మన ఊళ్ళో ఎన్నో రోజులు ఆగదు, తుప్పు పొడి లేస్తుంది. ఫ్యాక్టరీలో పూసిన నూనె ఆరిపోతుంది, వాన పడితే కడుక్కుపోతుంది. కాబట్టి బోల్టు, నట్టు, వాషరు మూత ఉన్న డబ్బాలోనే, కప్పున్న చోటే ఉండాలి. ఆ రోజు పనికి ఎన్ని కావాలో అన్నే పైకి తీసుకెళ్ళాలి, మిగిలినవి సాయంత్రం డబ్బాలోకి రావాలి. రేపటి పనికని ప్లాట్‌ఫారం మీద వదిలేయకూడదు. నట్టు చేత్తో మర మొత్తం సాఫీగా ఎక్కకపోతే దాన్ని పక్కన పెట్టండి. డీజిల్లో ముంచి కడిగితే మురికితో పాటు పూత కూడా పోతుంది. మళ్ళీ దాని మీద చేతికందిన గ్రీజు పూస్తే కె విలువ ఎంతో దేవుడికే తెలియాలి.

నట్లు కలిసిపోకుండా చూసుకోండి. గాల్వనైజ్డ్ బోల్టుకి జింకు పూత మందం ఉంటుంది కాబట్టి దాని నట్టులో మర కాస్త పెద్దగా కోస్తారు. నల్ల నట్టు గాల్వనైజ్డ్ బోల్టు మీదకి ఎక్కదు, ఆ తప్పు వెంటనే తెలుస్తుంది. గాల్వనైజ్డ్ నట్టు నల్ల బోల్టు మీదకి మాత్రం హాయిగా ఎక్కుతుంది. అదే ప్రమాదం. వదులుగా కూర్చుని, బిగించేటప్పుడు మర కోసుకుపోతుంది. బోల్టు తల మీద గ్రేడు అంకె, తయారీదారు గుర్తు, నట్టు మీద దాని క్లాసు అంకె, ఈ మూడూ చూశాకే పైకి పంపండి.

పని మొదలవడానికి ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. బోల్టు టెన్షన్ కాలిబ్రేటర్ అని హైడ్రాలిక్ పరికరం ఉంటుంది. బోల్టు అందులో పెట్టి బిగిస్తే లోపల లాగుడు ఎంతో డయలు మీద కిలోన్యూటన్లలో కనిపిస్తుంది. స్ట్రక్చరల్ బోల్టులకి నిబంధనలు రాసే అమెరికన్ సంస్థ ఆర్‌సీఎస్‌సీ ప్రకారం ఒక్కో సైజు, పొడవు, గ్రేడు, లాటు నుంచి మూడేసి సెట్లు తీసి, సైటులో వాడబోయే పద్ధతిలోనే, అదే మనిషితో బిగించి చూడాలి. కావలసిన కనీస లాగుడు కన్నా 5 శాతం ఎక్కువ రావాలి. ఎం20, 8.8కి అది 144. మూడు సెట్లు, అరగంట పని. ఈ అరగంట మిగుల్చుకుందామని చూసి తర్వాత వందల బోల్టుల మీద వాదించుకునే సైట్లే ఎక్కువ. పరికరం కొనలేకపోతే అద్దెకి తెచ్చుకోండి, నాలుగు కాంట్రాక్టర్లు కలిసి ఒకటి పెట్టుకోండి.

ఇక బిగించడం. నా అభిప్రాయంలో మన సైట్లకి బాగా సరిపోయేది పార్ట్ టర్న్ పద్ధతి, అంటే స్నగ్ అయ్యాక నట్టుని లెక్కగా కొంత తిప్పడం. దీనికి ఖరీదైన రెంచి అక్కర్లేదు, రాపిడి ఎక్కువ తక్కువల గొడవ లేదు. కానీ వరస తప్పకూడదు.

బెజ్జం అంచున డ్రిల్లు గరుకు ఉంటే గీకేయాలి, లేకపోతే ప్లేట్లు కూర్చోవు. తిప్పే వైపు గట్టిపరచిన వాషరు ఉండాలి. మెత్తటి వాషరైతే నట్టు దాన్ని తవ్వుకుని లోపలికి దిగుతుంది. ఐఎస్‌ఎంబీ (ఐ ఆకారపు బీము) ఫ్లాంజి, అంటే పైకింది అడ్డ పలక, లోపలి ముఖం 8 డిగ్రీలు వాలుగా ఉంటుంది, అక్కడ టేపర్ వాషరు వేయకపోతే బోల్టు వంగి బిగుస్తుంది. ఇవి అయ్యాక అన్ని బోల్టులూ పెట్టి, జాయింటులో గట్టిగా ఉండే భాగం నుంచి, మామూలుగా మధ్య నుంచి, అంచులకి స్నగ్ చేసుకుంటూ వెళ్ళాలి. ఒక రౌండు అయిపోగానే ఆగకండి. చివరి బోల్టు బిగిసినప్పుడు ప్లేట్లు ఇంకాస్త దగ్గరవుతాయి, మొదట బిగించింది వదులవుతుంది. రెండో రౌండు తప్పనిసరి, దళసరి ప్లేట్లయితే మూడోది కూడా. ఏ నట్టూ కదలనప్పుడే స్నగ్ అయినట్టు.

ఇప్పుడు మార్కరు తీయండి. బోల్టు కొన మీద, నట్టు మీద, పక్కన ప్లేటు మీద, మూడింటినీ దాటేలా ఒకే గీత. చాలామంది నట్టు మీద, ప్లేటు మీద గీసి ఊరుకుంటారు. బోల్టు కొన మీద గీత ఎందుకంటే, అవతల తల పట్టుకోకపోతే నట్టుతో పాటు బోల్టు మొత్తం తిరుగుతుంది. నట్టు గీత ప్లేటు గీత నుంచి చక్కగా జరిగినట్టే కనిపిస్తుంది, లోపల లాగుడు మాత్రం పెరగదు. కొన మీది గీత ప్లేటు గీతకి ఎదురుగా అలాగే నిలిచి ఉంటేనే ఆ తిప్పుడు లెక్కలోకి వస్తుంది.

ఎంత తిప్పాలి? ఆర్‌సీఎస్‌సీ పట్టిక ప్రకారం, రెండు వైపులా ముఖాలు సమంగా ఉన్నప్పుడు, తల కింద నుంచి కొన దాకా పొడవు వ్యాసానికి 4 రెట్ల లోపు ఉంటే మూడో వంతు చుట్టు. 4 దాటి 8 రెట్ల దాకా అర చుట్టు. 8 దాటి 12 రెట్ల దాకా మూడింట రెండొంతుల చుట్టు. ఎం20 బోల్టు 80 పొడవైతే మూడో వంతు, 90 అయితే అర. నట్టుకి ఆరు ముఖాలు, ఒక్కో ముఖం 60 డిగ్రీలు. మూడో వంతు అంటే రెండు ముఖాలు, అర చుట్టు అంటే మూడు ముఖాలు. ఈ లెక్క ప్రతి ఫిట్టరుకీ నోటికి రావాలి. వాలు ముఖాలున్నచోట, 12 రెట్లు దాటిన పొడవుల్లో నేను చెప్పిన ఈ అంకెలు పనికిరావు. మీ ప్రాజెక్టు స్పెసిఫికేషన్, ఎక్కువ బలం బోల్టుల ప్రమాణం ఐఎస్ 4000 చూడండి.

అర చుట్టు తిప్పితే నట్టు ఎంత దిగుతుంది? ఎం20 మర ఒక చుట్టుకి రెండున్నర మిల్లీమీటర్లు, కాబట్టి 1.25. నూరు మిల్లీమీటర్ల పట్టున్న బోల్టులో 137 కిలోన్యూటన్లు రావడానికి కావలసిన సాగుడు ఇంచుమించు పావు మిల్లీమీటరే. మిగిలినదాంట్లో కొంత ప్లేట్లు నొక్కుకోవడంలో పోతుంది, కొంత బోల్టు మరల దగ్గర శాశ్వతంగా సాగడంలో పోతుంది. అక్కడే ఈ పద్ధతి బలం. బోల్టు ఆ దశకి వచ్చాక ఇంకో పది ఇరవై డిగ్రీలు తిరిగినా లాగుడు పెద్దగా మారదు. చేతి తేడా, రాపిడి తేడా అక్కడ కలిసిపోతాయి. తక్కువ తిప్పడం మాత్రం ఒప్పుకోవద్దు.

తనిఖీదారు పని ఏమిటో ఇప్పుడు మీకే తెలిసిపోయింది. అతను ఉండాల్సింది స్నగ్ అవుతున్నప్పుడు. తిప్పుడు లెక్క మొదలయ్యే చోటు తప్పైతే ఆ తర్వాత ఎన్ని డిగ్రీలు తిప్పినా వృథా. అంచున సందు ఉందా, ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) దూరుతోందా, రెండో రౌండు పడిందా, అది కళ్ళతో చూడాలి. తర్వాత గీతలు చూసుకుంటూ వెళ్తే చాలు, గంటలో ఒక పెద్ద జాయింటు అయిపోతుంది. నట్టు మూలల్లో సాకెట్టు కొట్టిన మెరుపు కనిపిస్తుంది, అది లేకపోతే దాని దగ్గరకి రెంచే రాలేదన్న మాట. నట్టు దాటి కనీసం ఒక పూర్తి మర బయటికి కనబడాలి. అవతలి వైపు కూడా చూడండి. మరలేని ఒంటి భాగం వాషరు దాకా వచ్చేసి ఉంటే నట్టు ఆ ఒంటికి తగిలి ఆగిపోతుంది, ప్లేటు మాత్రం బిగియదు. రెంచికి ఎంత గట్టిగా అనిపిస్తుందో చెప్పలేను!

బిగువుకి జంటగా ప్లేటు ముఖం ఉంది. జారకూడని జాయింటులో బోల్టు లాగుడుని రాపిడి గుణకంతో గుణిస్తేనే మోసే బలం వస్తుంది. ఐఎస్ 800లో బ్లాస్టింగు చేసిన, అంటే రవ్వలు చిమ్మి శుభ్రం చేసిన ముఖానికి 0.5, బ్లాస్టు చేసి గాల్వనైజ్ చేసినదానికి 0.1. ఒకే 137 కిలోన్యూటన్ల బోల్టు ఒకచోట 68 మోస్తుంది, ఇంకోచోట 14. కలిసే ముఖాలకి టేపు వేయకుండా పెయింటు కొట్టేస్తే, ఎంత శ్రద్ధగా బిగించినా ఆ శ్రద్ధ గాలికి పోయినట్టే.

లాగుడు చూపే వాషర్ల గురించి కొంచెం. వాటి మీద బుడిపెలుంటాయి, బిగిస్తే అణుగుతాయి, సందులో ఫీలర్ గేజి దూరకపోతే సరిపోయినట్టు. ఏ మందం గేజి, ఎన్ని సందుల్లో దూరకూడదు అన్నది తయారీదారు కాగితంలో ఉంటుంది. ఆ కాగితం సైటులో ఉండాలి. స్నగ్ దశలోనే బుడిపెలు పూర్తిగా అణిగిపోతే ఆ వాషరు పని అయిపోయింది, మార్చండి. తగినంత బిగిశాక కొన తెగిపడే టీసీ (టెన్షన్ కంట్రోల్) బోల్టులకీ ఇదే మాట. స్నగ్ రౌండులోనే కొన తెంపేస్తే, నేల మీద పడ్డ తునకలు లెక్కపెట్టి బిగువు ఉందనుకోవడం భ్రమ.

బిగింపు చూడలేదు, గీతలు లేవు, ఇప్పుడు వివాదం వచ్చింది. అప్పుడు రెంచికి పని ఉంది, కానీ పద్ధతిగా. అదే లాటు నుంచి ఐదు సెట్లు కాలిబ్రేటరులో పెట్టి కనీస లాగుడు దాకా బిగించాలి. తర్వాత బిగించే దిశలోనే నట్టుని ఇంకో 5 డిగ్రీలు కదిలించడానికి ఎంత టార్క్ పడుతుందో రాసుకోవాలి. ఎక్కువది, తక్కువది తీసేసి మిగిలిన మూడింటి సగటు వేయాలి. ఆ అంకెతో జాయింటులో పది శాతం బోల్టులు, కనీసం రెండు, చూడాలి. ఏ ఒక్క నట్టు కదిలినా ఆ జాయింటులో అన్నీ చూడాలి. ఇదీ ఆలస్యం చేస్తే పనికిరాదు. వానలు, తుప్పు పడ్డాక నట్టు బిగుసుకుపోతుంది. తుప్పు పట్టుని బిగువు అనుకుంటారు.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, రెంచికి పైపు తగిలించి లాగితే తప్పా?

టార్క్ రెంచికైతే తప్పే. చెయ్యి పిడి మధ్యలో ఉండాలి, నెమ్మదిగా ఒకే ఊపులో లాగాలి, టక్కుమనగానే ఆపాలి. తల వైపు ఎక్స్‌టెన్షన్ వేస్తే సెట్టింగు మారుతుంది. రెంచి పొడవుని మొత్తం పొడవుతో భాగించి, వచ్చిన దానితో కావలసిన టార్కుని గుణించి ఆ అంకె పెట్టాలి. 1,000 మిల్లీమీటర్ల రెంచికి 100 కలిపితే, 548కి బదులు 498 పెట్టాలి. పని అయ్యాక స్ప్రింగుని కింది అంకెకి దించి పెట్టెలో పెట్టండి. కాలిబ్రేషన్ 12 నెలలకి లేదా 5,000 సార్లు వాడాక, ఏది ముందైతే అది.

ప్రశ్న: సుత్తితో కొట్టి చప్పుడు వింటాం కదండీ, అది సరిపోదా?

పూర్తిగా వదులైన బోల్టు చేతికి తెలుస్తుంది. నట్టు పక్కన వేలు ఆనించి అవతల నుంచి కొడితే కదలిక తగులుతుంది. పాత కన్వేయర్ గ్యాలరీల్లో తొలి చూపుకి అది మంచి అలవాటు. కానీ 90 కిలోన్యూటన్లకీ 137కీ తేడా ఏ చెవీ చెప్పలేదు.

ప్రశ్న: అలైన్‌మెంటు కోసం విప్పిన బోల్టులు మళ్ళీ వేయొచ్చా?

స్నగ్ దాకానే బిగించి విప్పితే వాడొచ్చు. పూర్తిగా బిగించాక విప్పితే, గాల్వనైజ్డ్ అయినా 10.9 అయినా పారేయండి. నల్ల 8.8 అయితే ఇంజనీరు ఒప్పుకుంటేనే, అదీ నట్టు చేత్తో మర చివరిదాకా ఎక్కితేనే. మధ్యలో ఎక్కడ ఆగినా అక్కడ మర సాగిందని అర్థం. విప్పిన వాటికి తల మీద వెంటనే ఎర్ర పెయింటు కొట్టి, వేరే డబ్బాలో వేసి తాళం పెట్టండి. కొత్త బోల్టుల డబ్బా పక్కన మాత్రం ఆ డబ్బా ఉంచకండి.